శత్రువు బిడ్డకూ అన్నం పంపిన ఎగ్లాంటైన్ జెబ్

యోనా గ్రంథం ఒక ప్రశ్నతో ముగుస్తుంది. నీనెవె పట్టణం మీదికి రావలసిన కీడు రాలేదని యోనా అలిగి ఊరి వెలుపల కూర్చున్నాడు. నీనెవె అష్షూరు వారి మహానగరం. ఇశ్రాయేలీయులను గడగడలాడించిన శత్రుదేశం అది. ఆ పట్టణం కూలిపోతే కళ్లారా చూడాలన్నది ప్రవక్త కోరిక. దేవుడు మాత్రం ఆయన ముందు మరో లెక్క పెట్టాడు. ఆ ఊళ్లో కుడి ఎడమల తేడా తెలియనివారే లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నారని, వారి మీద తాను జాలిపడడం తప్పా అని యోనాను అడిగాడు (యోనా 4:11). వీరంతా పసిపిల్లలేనని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. ఆ ప్రశ్నకు యోనా ఏం జవాబిచ్చాడో గ్రంథంలో లేదు. జవాబు చెప్పే బాధ్యత ప్రతి తరానికీ వదిలేసినట్టుగా ఆ పుస్తకం అక్కడ ఆగిపోతుంది.

1919లో లండన్ నగరంలో ఒక స్త్రీ ఆ ప్రశ్నకు తన బతుకుతో జవాబిచ్చింది. ఆమె పేరు ఎగ్లాంటైన్ జెబ్. సేవ్ ద చిల్డ్రన్ సంస్థను స్థాపించిన మనిషిగా లోకానికి ఆమె తెలుసు. బాలల హక్కుల గురించి ఈనాడు లోకం మాట్లాడే భాషకు పునాది వేసింది కూడా ఆమే. అయితే ఆ పునాది మొదట పడింది చట్టాల పుస్తకాల్లో కాదు, పరదేశంలో ఆకలితో ఉన్న పిల్లల పళ్లెంలో.

ఎగ్లాంటైన్ 1876 ఆగస్టు 25న ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ జిల్లా ఎల్స్‌మియర్‌లో, కలిగిన కుటుంబంలో పుట్టింది. తండ్రి ఆర్థర్ జెబ్ న్యాయవాది, భూస్వామి. తల్లి పల్లెల్లోని పేదలకు చేతిపనులు నేర్పించే ఉద్యమాన్ని ఆరంభించిన స్త్రీ. ఆంగ్లికన్ సంఘ వాతావరణంలో, పుస్తకాల మధ్య ఆ ఆరుగురు పిల్లలు పెరిగారు. ఎగ్లాంటైన్‌కు పద్దెనిమిదేళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. మరో రెండేళ్లకు, ఇంకా బడిలో చదువుకుంటున్న తమ్ముడు గామల్ న్యుమోనియాతో కన్నుమూశాడు. ఈ రెండు మరణాలు ఆమె మనసు మీద చెరగని ముద్ర వేశాయి. చిన్న వయసులో పోయిన ప్రాణం విలువ ఎంతో ఆమెకు తమ్ముడి మరణం దగ్గరే తెలిసింది.

ఆడపిల్లలకు విశ్వవిద్యాలయ చదువు అరుదుగా దొరికే ఆ రోజుల్లో ఆమె 1895లో ఆక్స్‌ఫర్డ్‌లోని లేడీ మార్గరెట్ హాల్‌లో చేరి చరిత్ర చదివింది. చదువు ముగిశాక, తనకున్న సౌకర్యాలు పేదపిల్లలకు ఉపయోగపడాలని ఉపాధ్యాయ శిక్షణ పొంది, మార్ల్‌బరో పట్టణంలో ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేరింది. ఏడాదికి మించి నిలవలేకపోయింది. ఆరోగ్యం సహకరించలేదు. పైగా తరగతి గదిలో పిల్లలను సముదాయించడం తన వల్ల కాదని ఆమెకు అర్థమైంది. పిల్లల కోసం ప్రాణం పెట్టిన మనిషిగా లోకం గౌరవించే ఈ స్త్రీకి పిల్లల సందడి మధ్య గడపడం ఎన్నడూ సహజంగా రాలేదు. ఈ మాటను మనం గుర్తుంచుకోవాలి. దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

తరువాత ఆమె తల్లితో కలిసి కేంబ్రిడ్జిలో ఉంటూ అక్కడి దానధర్మ సంఘాల పనిలో చేరింది. ఊరిలో పేదరికం ఎక్కడుంది, ఎందుకుంది, ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నారు అని ఇంటింటి వివరాలు సేకరించి 1906లో ఒక పుస్తకం ప్రచురించింది. జాలి ఒక్కటే చాలదని, ఇచ్చే చేతికి లెక్క, తెలివి, క్రమం ఉండాలని ఆమె అక్కడే నేర్చుకుంది. దేవుడు తన పనివారిని చాలాసార్లు ఇలాగే సిద్ధం చేస్తాడు. మోషేకు ఐగుప్తు విద్యలు, పౌలుకు గమలీయేలు పాదాల దగ్గరి చదువు ఎలా పనికొచ్చాయో, ఎగ్లాంటైన్‌కు ఆ కేంబ్రిడ్జి లెక్కల పుస్తకాలు అలా పనికొచ్చాయి.

మాసిడోనియా దారిలో

1913లో బాల్కన్ యుద్ధం నడుస్తుండగా ఆమెకు ఒక పని అప్పగించారు. ఇంగ్లండులో పోగైన చందాను మాసిడోనియాలోని శరణార్థులకు చేర్చి, అది సరిగ్గా వినియోగమవుతోందో లేదో చూసి రావాలి. అపొస్తలుడైన పౌలుకు దర్శనంలో ఒక మాసిడోనియా మనిషి కనబడి, వచ్చి సహాయం చేయమని వేడుకున్న సంగతి మనకు తెలుసు (అపొ. కా. 16:9). దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల తరువాత అదే నేల నుంచి అదే పిలుపు ఈమెకు అందింది.

అక్కడ ఆమె చూసినది సులువుగా మరచిపోగలిగింది కాదు. మొనాస్టిర్ వంటి పట్టణాల్లో ఇళ్లు కోల్పోయిన కుటుంబాలు చలిలో, వ్యాధుల మధ్య, ఒక పూట గంజి కోసం బారులు తీరాయి. క్రైస్తవ రాజ్యాల సైన్యాలు తరిమేసిన ముస్లిం కుటుంబాలు కూడా వారిలో ఉన్నాయి. బాధితులు ఏ జాతివారు, ఏ మతంవారు అని అడిగితే ఆ గంజి కేంద్రాలు నడవవని ఆమె గ్రహించింది. చేతిలో డబ్బు పెట్టి వెనక్కి వచ్చేస్తే సరిపోదని, రేపు ఆ కుటుంబం తన కాళ్ల మీద తాను నిలబడే దారి కూడా చూపాలని ఇంగ్లండుకు తిరిగివచ్చి వాదించింది.

మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఎగ్లాంటైన్ చెల్లెలు డొరోతీ బక్స్‌టన్ ప్రభుత్వ అనుమతి సంపాదించి శత్రుదేశాల పత్రికలను తెప్పించి, వాటిలోని వార్తలను ఇంగ్లీషులోకి అనువదింపజేసి కేంబ్రిడ్జి నుంచి వెలువడే ఒక పత్రికలో ప్రచురించేది. ఎగ్లాంటైన్ కూడా ఆ పనిలో చేరింది. ఇంగ్లండులోని పత్రికలు యుద్ధ విజయాల గురించి రాస్తుంటే, ఈ అక్కచెల్లెళ్ల బల్ల మీద జర్మనీలో, ఆస్ట్రియాలో పాలు దొరక్క చనిపోతున్న పిల్లల వార్తలు పేరుకుపోయాయి. ఒకసారి తెలిశాక తెలియనట్టు ఉండడం వాళ్ల వల్ల కాలేదు.

యుద్ధం ముగిసినా ముగియని ఆకలి

1918 నవంబరు 11న తుపాకులు ఆగాయి. ఆకలి మాత్రం ఆగలేదు. యుద్ధకాలంలో శత్రుదేశాలకు ఆహారం వెళ్లకుండా బ్రిటన్, దాని మిత్రదేశాల నౌకాదళాలు సముద్రాన్ని దిగ్బంధం చేశాయి. ఓడిపోయిన దేశాలు సంధి మీద సంతకం పెట్టేదాకా ఒత్తిడి ఉండాలన్న ఉద్దేశంతో యుద్ధం ఆగాక కూడా దాన్ని కొనసాగించాయి. 1919 మార్చి నుంచి కొంత సడలించినా, జర్మనీ మీద పూర్తిగా ఎత్తివేసింది జులైలోనే.

వియన్నా పరిస్థితి మరీ దయనీయం. అది ఒక మహాసామ్రాజ్యానికి రాజధాని. సామ్రాజ్యం ముక్కలు కావడంతో ఆ నగరానికి ధాన్యం, పాలు, బొగ్గు పంపే ప్రాంతాలు ఒక్కసారిగా పరాయి దేశాలయ్యాయి. సరిహద్దులు మూసుకుపోయాయి. ఇరవై లక్షల దాకా జనం ఉన్న ఊరికి తిండి లేదు, చలికి పొయ్యి లేదు. ఆసుపత్రుల్లో, అనాథ గృహాల్లో మంచాలున్నాయి, నర్సులున్నారు, డాక్టర్లున్నారు. పిల్లల నోట్లో పోయడానికి పాలు మాత్రం లేవు. రికెట్స్ వ్యాధితో ఎముకలు మెత్తబడి, కాళ్లు వంకర్లు తిరిగి, మూడేళ్లు వచ్చినా నడవలేని పిల్లలు ఎందరో.

1919 జనవరి 1న అక్కచెల్లెళ్లిద్దరూ మరికొందరితో కలిసి ఈ దిగ్బంధాన్ని ఎత్తివేయించడానికి ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. ఏప్రిల్‌లో ఎగ్లాంటైన్ లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబడి కరపత్రాలు పంచింది. ఆ కరపత్రం మీద ఎముకల గూడులా ఉన్న ఆస్ట్రియా పసిబిడ్డ ఫొటో ఉంది. తల పెద్దది, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి. ప్రభుత్వ సెన్సారు అనుమతి లేకుండా వాటిని పంచినందుకు ఆమెను, తోటి కార్యకర్త ఒకామెను అరెస్టు చేశారు.

మే నెలలో విచారణ జరిగింది. ఎగ్లాంటైన్ తన వాదన తానే వినిపించుకుంది. చట్టాన్ని ఉల్లంఘించిన మాట నిజమే కాబట్టి ఆ సంగతి కాదనకుండా, పిల్లలను ఆకలికి వదిలేయడంలోని నైతికతను ప్రశ్నించింది. కోర్టు ఆమెను దోషిగా నిర్ణయించి 5 పౌండ్ల జరిమానా విధించింది. తరువాత జరిగింది ఎవరూ ఊహించనిది. ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాది సర్ ఆర్చిబాల్డ్ బాడ్‌కిన్ స్వయంగా ఆమె దగ్గరికి వచ్చి 5 పౌండ్ల నోటు ఆమె చేతిలో పెట్టాడు. ఆ డబ్బును ఆమె సొంత జరిమానాకు వాడుకోలేదు, ఆకలిగొన్న పిల్లల నిధిలో వేసింది. సేవ్ ద చిల్డ్రన్ నిధికి తొలి కానుకగా చరిత్రలో నిలిచింది అదే. ఫరో కుమార్తె చేతుల్లోనే మోషేను పెంచిన దేవుడికి, ప్రాసిక్యూటరు జేబులోంచి మొదటి కానుక తీయించడం కష్టమేమీ కాదు.

కొద్ది రోజులకే, మే 19న, రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పెద్ద సభ జరిగింది. హాలు కిక్కిరిసిపోయింది. వచ్చిన వారందరూ సానుభూతితో వచ్చినవారు కాదు. శత్రువుల పిల్లల కోసం అడుక్కునే దేశద్రోహుల మీద విసరడానికి కుళ్లిన పండ్లు తెచ్చుకున్నవారు కూడా ఉన్నారని ఆమె జీవితచరిత్ర రాసినవారు చెబుతారు. ఆ జనంలో కొడుకులను, భర్తలను యుద్ధంలో పోగొట్టుకున్నవారు ఎందరో ఉండి ఉంటారు. వాళ్ల కోపాన్ని తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. అయినా ఆ సాయంత్రం మాటలు విన్న జనం చేతుల్లోని పండ్లు కింద పెట్టి జేబుల్లో చేతులు పెట్టారు. సేవ్ ద చిల్డ్రన్ అనే నిధి ఆ సభలో ప్రజల ముందుకు వచ్చింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమని, దప్పిగొంటే నీళ్లిమ్మని పౌలు రోమా సంఘానికి రాశాడు (రోమా 12:20). మనం ఆ వచనాన్ని ఎన్నోసార్లు బోధించాం, కంఠస్థం చేయించాం. ఎలీషా ప్రవక్త చేతికి చిక్కిన సిరియా సైనికులకు విందు చేయించి ఇంటికి పంపేశాడు. ఆ తరువాత ఆ దండులు ఇశ్రాయేలు దేశంలోకి రావడం మానేశాయని లేఖనం చెబుతోంది (2 రాజులు 6:22, 23). ఈ మాటలు వాక్యంగా ఉన్నంతసేపు అందరికీ ఇష్టమే. అవి ఒక పాల డబ్బాగా మారి శత్రువు ఇంటికి బయలుదేరినప్పుడే అసలు పరీక్ష. ఎగ్లాంటైన్ ఆ పాల డబ్బాను బయలుదేరదీసింది.

పళ్లెం దాకా

ఆ నిధి సహాయం మొదట చేరిన చోట్లలో వియన్నా ఒకటి. ఇక్కడ ఆమె తెలివిని గమనించాలి. ఆరంభంలో ఆమె సొంత కార్యాలయాలను, సొంత సిబ్బందిని దేశదేశాల్లో పెంచుకోలేదు. అప్పటికే ఆ దేశంలో పనిచేస్తున్న వారికి, ముఖ్యంగా క్వేకర్లకు, గ్రాంటులు ఇచ్చింది. పిల్లల ఆసుపత్రులు, అనాథ గృహాలు, తల్లీబిడ్డల కేంద్రాలు, బడుల్లోని వంటశాలలు, వీటి ద్వారా పాలు, కోకో, కొవ్వు పదార్థాలు పిల్లలకు అందాయి. తిండి దొరకని ఊళ్లో డబ్బు పంచితే ధరలు పెరగడమే తప్ప కడుపు నిండదు. కాబట్టి సరుకే వెళ్లాలి. సరుకు వీధిలో పంచితే బలవంతుడు పట్టుకుపోతాడు. కాబట్టి బలహీనుడు ఉన్న మంచం దగ్గరికే అది వెళ్లాలి.

సరైన ఆహారం ఏం చేయగలదో అదే వియన్నాలో లోకానికి రుజువైంది. హారియట్ చిక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1919 నుంచి 1922 వరకు తన బృందంతో అక్కడి పిల్లల ఆసుపత్రిలో పరిశోధన చేసి, కాడ్ చేప కాలేయపు నూనెతో, సూర్యరశ్మితో రికెట్స్‌ను నివారించవచ్చని, నయం చేయవచ్చని నిరూపించింది. నిన్నటిదాకా శత్రువులైన రెండు దేశాల వైద్యులు ఒకే వార్డులో, ఒకే పసివాడి ఎముకల గురించి కలిసి ఆలోచించారు.

ప్రొటెస్టెంటులమైన మనం ప్రత్యేకంగా ఆలోచించవలసిన ఘట్టం ఒకటి ఉంది. బేత్లెహేములో హేరోదు చంపించిన పసివారి జ్ఞాపకార్థం డిసెంబరు 28న చర్చిలన్నిటిలో ఆకలిగొన్న పిల్లల కోసం కానుక పట్టాలని ఎగ్లాంటైన్ ఆశించింది. తన సొంత సంఘానికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పును అడిగింది. ఆయన వెంటనే మాట ఇవ్వలేదు. ఆమె ఆగలేదు, రోమాలోని పోపు 15వ బెనెడిక్టును ఆశ్రయించింది. ఆయన 1919 నవంబరు 24న లోకంలోని కతోలిక సంఘాలన్నిటికీ లేఖ రాసి, ఆ డిసెంబరు 28న పిల్లల కోసం కానుకలు పట్టాలని ఆదేశించాడు. మరుసటి ఏడాది రాసిన మరో లేఖలో సేవ్ ద చిల్డ్రన్ నిధిని పేరుతో ప్రశంసించాడు. ఆమె సొంత సంఘం కూడా ఆ పనిలో కలిసివచ్చింది.

సంస్కరణోద్యమం నిలబెట్టిన సత్యాలు చిన్నవి కావు. వాటిని వదులుకోవాలని మేము చెప్పడం లేదు. ఎగ్లాంటైన్ కూడా తన సంఘాన్ని వదిలి వెళ్లలేదు. అయితే ఆకలితో ఉన్న బిడ్డ దగ్గర సిద్ధాంత భేదాలు పక్కకు జరగాలని ఆమెకు తెలుసు. మంచి సమరయుని ఉపమానంలో ప్రభువు యాజకుణ్ణి, లేవీయుణ్ణి దాటించి, యూదులు దూరంగా పెట్టిన సమరయుణ్ణి మన ముందు నిలబెట్టింది ఇందుకే కదా (లూకా 10:30-37).

1920 జనవరి 6న జెనీవాలో అంతర్జాతీయ సేవ్ ద చిల్డ్రన్ యూనియన్ ఏర్పడింది. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ అండగా నిలిచింది. గెలిచిన దేశాల వారూ ఓడిన దేశాల వారూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని పిల్లల గురించి మాట్లాడుకున్నారు. యుద్ధం ముగిసి అప్పటికి పద్నాలుగు నెలలే.

వోల్గా తీరంలో

1921లో రష్యాలోని వోల్గా నదీ ప్రాంతంలో ఘోరమైన కరవు వచ్చింది. ప్రపంచయుద్ధం, అంతర్యుద్ధం, రైతుల దగ్గర బలవంతపు ధాన్య సేకరణ, దాని మీద అనావృష్టి. ఆ కరవులో సుమారు 50 లక్షల మంది చనిపోయారని అంచనా. నార్వే దేశస్థుడు ఫ్రిడ్‌జోఫ్ నాన్సెన్ సహాయ కార్యక్రమాలకు నాయకత్వం వహించాడు. సేవ్ ద చిల్డ్రన్ వారికి సరాటోవ్ రాష్ట్రం అప్పగించారు.

ఆ సెప్టెంబరులోనే టోర్సెల్లో అనే ఓడను అద్దెకు తీసుకుని 600 టన్నుల ఆహారం, మందులు, ఇతర సరుకులు నింపి పంపారు. ఓడ బాల్టిక్ తీరంలోని రీగా రేవుకు చేరితే, అక్కడి నుంచి రైళ్లలో వందల మైళ్లు లోపలికి వెళ్లాలి. యుద్ధంలో దెబ్బతిన్న రైలుమార్గాలు, పని చేయని ఇంజన్లు. శీతాకాలం వస్తే నది గడ్డకడుతుంది. రైలు ఆగిన చోటు నుంచి పల్లెలకు బళ్ల మీద, మంచు మీద జారే స్లెడ్జిల మీద చేర్చాలి. ఆ ప్రాంతంలో కరవు సరుకులను ఒంటెలు కూడా లాగాయి. లండన్‌లో ఒక విధవరాలు వేసిన నాణెం సరాటోవ్‌లో ఒక పిల్లవాడి గిన్నెలో గంజిగా మారాలంటే మధ్యలో ఇన్ని చేతులు నమ్మకంగా ఉండాలి.

1922 నాటికి సరాటోవ్ రాష్ట్రంలో సేవ్ ద చిల్డ్రన్ వంటశాలల్లో తింటున్న పిల్లలు సుమారు 3 లక్షలు. తల్లిదండ్రులు చనిపోయి, లేదా కళ్లముందే చనిపోతుంటే చూడలేక వదిలేసి వెళ్లిపోతే, వీధిన పడ్డ పిల్లలతో అక్కడి బాలల గృహాలు నిండిపోయాయి. పడకలు లేక నేల మీదే ఒకరి పక్కన ఒకరు పడుకున్న ఆ పిల్లలకు రోజుకు ఒక్క పూట భోజనమే బతుకు. అమెరికా వారి సహాయ సంస్థ ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది, 1922లో అది రోజుకు కోటి మందికి పైగా అన్నం పెట్టింది. ఆ లెక్క ముందు ఎగ్లాంటైన్ వారి పని చిన్నదే. అయితే సరాటోవ్ పిల్లవాడికి ఆ పోలిక అక్కరలేదు. అతని గిన్నె నిండింది, అంతే.

ఇంగ్లండులో విమర్శలు ఆగలేదు. సొంత దేశంలో నిరుద్యోగుల పిల్లలు పస్తులుంటే బోల్షెవిక్కుల పిల్లలకు అన్నమా అని ఒక ప్రముఖ లండన్ దినపత్రిక దుమ్మెత్తి పోసింది. కరవు అంత ఘోరంగా లేదని కూడా రాసింది. ఎగ్లాంటైన్ బృందం కోపంతో జవాబివ్వలేదు. ఒక కెమెరామన్‌ను రష్యాకు పంపి అక్కడి పరిస్థితిని సినిమాగా తీయించి దేశమంతా చూపించింది. బ్రిటన్‌లోని పేదపిల్లలకు కూడా సహాయం చేసింది. ఇంటి బిడ్డా, పరాయి బిడ్డా అని రెండు త్రాసులు పెట్టలేదు.

పరదేశానికి ఆహార సహాయం పంపడం ఇరవయ్యో శతాబ్దం కనిపెట్టిన పని కాదు. అగబు అనే ప్రవక్త కరవు రాబోతోందని చెప్పినప్పుడు, అంతియొకయ సంఘం యూదయలోని సహోదరులకు సహాయం పోగుచేసి బర్నబా, సౌలుల చేతికిచ్చి పంపింది (అపొ. కా. 11:28-30). శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచింది ఆ ఊళ్లోనే (11:26). ఆ పేరు వచ్చిన అధ్యాయంలోనే ఈ కరవు కానుక కూడా ఉండడం మనకు ఒక పాఠం. తరువాత పౌలు యెరూషలేములోని పేదల కోసం కానుక పోగుచేసినప్పుడు తానొక్కడే పట్టుకెళ్లలేదు. సంఘాలు ఎన్నుకున్న సహోదరులను వెంటబెట్టుకున్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమ మీద ఎవరూ నింద వేయకుండా, ప్రభువు దృష్టికే కాక మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:19-21). కానుక పట్టడం ఎంత ఆరాధనో, దాన్ని లెక్కతో చేరవేయడం కూడా అంతే ఆరాధన.

ఐదు చిన్న సూత్రాలు

కరవులు వచ్చి పోతుంటాయి, పిల్లల ఆకలి మాత్రం ప్రతి యుద్ధంలోనూ తిరిగి వస్తోంది. దీనికి అడ్డుకట్ట వేయాలంటే దానం ఒక్కటే చాలదని, పిల్లల విషయంలో దేశాలన్నీ ఒక మాటకు కట్టుబడాలని ఎగ్లాంటైన్ భావించింది. 1923లో ఐదే ఐదు సూత్రాలతో ఒక ప్రకటన సిద్ధం చేసింది. బిడ్డ శరీరానికీ ఆత్మకూ ఎదుగుదల దొరకాలని, ఆకలిగొన్న బిడ్డకు అన్నం, జబ్బుపడ్డ బిడ్డకు వైద్యం, అనాథకు నీడ అందాలని, ఆపద వేళ సహాయం మొదట బిడ్డకే చేరాలని, దోపిడీ నుంచి కాపాడి తన బతుకు తాను సంపాదించుకునేలా తయారు చేయాలని, తన వరాలను తోటివారి సేవకు వాడే మనసుతో పెంచాలని వాటి సారాంశం. పేజీకి మించని ఆ ప్రకటనను 1924 సెప్టెంబరు 26న నానాజాతి సమితి ఆమోదించింది.

ఐక్యరాజ్యసమితి 1959లో చేసిన బాలల హక్కుల ప్రకటన, 1989లో చేసిన బాలల హక్కుల ఒడంబడిక ఆ పేజీ నుంచే పెరిగాయి. మన భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. మొదటి సూత్రంలో శరీరంతో పాటు ఆత్మ ప్రస్తావన, చివరి సూత్రంలో సేవ ప్రస్తావన ఉండడం గమనించండి. బిడ్డను తినే నోరుగా మాత్రమే ఆమె చూడలేదు. దేవుడు ఒక పని అప్పగించి పంపిన మనిషిగా చూసింది.

ఇప్పుడు మొదట చెప్పిన మాట దగ్గరికి వద్దాం. ఎగ్లాంటైన్ పెళ్లి చేసుకోలేదు, బిడ్డలు లేరు. పిల్లల మధ్య కూర్చుని ఆడే స్వభావం ఆమెది కాదు. మరి ఇంత ప్రేమ ఎక్కడిది? కొత్త నిబంధన గ్రీకు భాషలో అగాపే అనే మాట ఉంది. మనసుకు నచ్చినవారి మీద పుట్టే మమకారం కాదు అది. ఎదుటివాడి మేలు కోరి, అందుకు ఖర్చు భరించే నిర్ణయం. పిల్లలను చూసి ముద్దొచ్చి ప్రేమించడం ఎవరికైనా సాధ్యమే. చూడని బిడ్డ కోసం, పేరు తెలియని బిడ్డ కోసం, తన దేశం ద్వేషించే బిడ్డ కోసం కోర్టు మెట్లెక్కడం ఆ ప్రేమకే సాధ్యం. నాకు ఆ స్వభావం లేదు, ఆ పరిచర్య నాది కాదు అని తప్పుకునే మనందరికీ ఆమె జీవితం సమాధానం.

థైరాయిడ్ జబ్బు ఆమెను ఏళ్ల తరబడి పీడించింది. ఆపరేషన్లు జరిగాయి. ఆరోగ్యం క్షీణిస్తున్నా ప్రయాణాలు, సభలు, ఉత్తరాలు మానలేదు. బల్గేరియాలో నిలువ నీడలేని శరణార్థులకు ఇళ్లు కట్టించి ఒక ఊరినే నిలబెట్టే పని కూడా ఆ సంస్థ ఆ ఏళ్లలో చేసింది. మాసిడోనియాలో ఆమె నేర్చుకున్న పాఠం అలా ఫలించింది. 1928 డిసెంబరు 17న జెనీవాలో ఎగ్లాంటైన్ కన్నుమూసింది. వయసు 52 ఏళ్లే. క్రిస్మసుకు ఇంకా ఎనిమిది రోజులుంది. అక్కడి సెయింట్ జార్జెస్ శ్మశానంలో ఆమెను సమాధి చేశారు. 2024లో జెనీవా నగరం ఆమె అవశేషాలను తన ప్రముఖులను ఉంచే శ్మశానానికి గౌరవంగా తరలించింది.

ఈ జీవితం ముందు మన సంఘాలు తమను తాము పరీక్షించుకోవడం మంచిది. మనం దానం చేస్తాం. క్రిస్మసు వచ్చిందంటే అనాథాశ్రమాలకు, వృద్ధాశ్రమాలకు, ఆసుపత్రులకు పండ్లు, రొట్టెలు, దుప్పట్లు తీసుకువెళతాం. అది మంచిదే, మానకూడదు. అయితే జనవరిలో ఆ ఆశ్రమంలో వంట ఎలా నడుస్తోందని మనలో ఎంతమందికి తెలుసు? ఇచ్చిన బియ్యం ఎవరి పళ్లెంలోకి వెళ్లిందని అడిగే సంఘం ఎక్కడుంది? అడగడం అనుమానం కాదు, పౌలు చూపిన క్రమం.

ఫొటోల సంగతి కూడా చెప్పుకోవాలి. ఎగ్లాంటైన్ కూడా ఆకలి బిడ్డ ఫొటోను వాడింది. అందులో ఉన్నది బిడ్డ మాత్రమే, ఆమె లేదు. కడుపు నిండినవారి మనసు కదిలించడానికి దాన్ని చూపింది, అందుకు జరిమానా కట్టింది. మనం తీసే ఫొటోల్లో ముందు వరుసలో ఎవరుంటారో, అరటిపండు పట్టుకున్న చేతులు ఎన్నో చూసుకుంటే తేడా మనకే తెలుస్తుంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనివ్వవద్దని ప్రభువు చెప్పింది దానం గురించే (మత్తయి 6:3).

అన్నిటికన్నా పెద్ద పరీక్ష మరొకటి. మన దానానికి సరిహద్దు ఎక్కడ గీసుకున్నాం? మన సంఘం దాకానా, మన శాఖ దాకానా, మన కులం, మన మతం దాకానా? ఈ పూట కూడా లోకంలో యుద్ధాలున్నాయి. టీవీలో ఆ వార్తలు చూస్తూ మనం ఒక పక్షం ఎంచుకుంటాం. ఎంచుకున్న పక్షం పిల్లలు చనిపోతే కన్నీళ్లు పెట్టుకుంటాం, అవతలి పక్షం పిల్లలు చనిపోతే ఛానల్ మార్చేస్తాం. తీర్పు దినాన ప్రభువు తాను ఆకలిగొన్నప్పుడు అన్నం పెట్టారా అని చూస్తాడే తప్ప, ఆ ఆకలిగొన్నవాడు ఏ పక్షంవాడని అడగడు (మత్తయి 25:35-40).

యోనా ఊరి వెలుపల కూర్చుని పట్టణం ఏమవుతుందోనని చూశాడు. ఎగ్లాంటైన్ ఆ పట్టణంలోకి పాలు పంపింది. దేవుడు యోనాను అడిగిన ప్రశ్న ఇంకా మూసుకోలేదు. కుడి ఎడమలు తెలియని పసివారు ఈనాటి నీనెవెల్లోనూ ఉన్నారు. వారి కోసం మన సంఘం కానుకల సంచిలో ఈ ఆదివారం ఒక చోటు ఉంటుందా?